గేదెకు కుడితి పెడితే పని, అత్తమ్మకు జావ పోస్తే?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. నాకు 46 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లు టీచరుగా చేశాను. రెండేళ్ల కిందట మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. అప్పటినుంచి స్కూలు మానేసి ఆమెను చూసుకుంటున్నాను. సాయంత్రం రెండు గంటలు పిల్లలకు ట్యూషన్ చెప్తాను. ఇంట్లో ఒక గేదె ఉంది, పాలు మా వాడకానికే సరిపోతాయి. రాత్రిళ్లు అత్తమ్మకు పక్క మార్చేది మా ఆయన. మా ఆడపడుచు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ముసలివాళ్లకు, జబ్బు మనుషులకు జీతం లేకుండా సేవ చేశారా అని అక్కడి సెన్సస్‌లో ఒక ప్రశ్నే ఉంటుందట. 2011లో మా ఇంటికి వచ్చిన సారుకు మా మామయ్య నా గురించి "ఇంట్లనే ఉంటది, ఏం చెయ్యదు" అని చెప్పి పంపేశారు. ఈసారి నేనేం చెప్పాలి? నేను చేసే సేవ లెక్కకు వస్తుందా? రాకపోతే ఎవరినడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందే చెప్పేస్తే మంచిది. మీ అత్తమ్మకు మీరు చేసే సేవకు మన జనగణన ఫారంలో గడి లేదు. 2011లో లేదు, అంతకుముందూ లేదు. అలాగని ఈసారి కూడా మీరు "ఏం చెయ్యదు" కిందికి పోనక్కర్లేదు. ఉన్నదున్నట్టు చెబితే పనిచేసేవాళ్ల లెక్కలోకే వస్తారు. కాకపోతే మిమ్మల్ని ఆ లెక్కలోకి తెచ్చేది మీ ఒళ్లు హూనం చేస్తున్న పని కాదు, సాయంత్రం రెండు గంటల ట్యూషనూ, ఆ గేదే.

మతలబంతా "పని" అనే మాటకు జనగణన ఇచ్చుకున్న అర్థంలో ఉంది. చేతికి డబ్బు వచ్చిందా లేదా అన్నది అక్కడ ముఖ్యం కాదు. ఆర్థికంగా ఏదైనా ఉత్పత్తి అయితే పనే. సొంత చేలో కూలి లేకుండా కలుపు తీసినా పనే, ఇంటి కిరాణా కొట్లో కాసేపు కూర్చున్నా పనే. పాల విషయం మరీ విడమరిచి రాసిపెట్టారు: చుక్క పాలు బయటికి అమ్మకపోయినా, ఇంటి వాడకానికే అయినా, పాడి చూసుకునే మనిషి వర్కరే. ఆ పాలే కాచి, చల్లార్చి, మంచం తలవైపు ఎత్తు చేసి, పొలమారకుండా చెంచాతో అత్తమ్మకు పట్టించడానికి ముప్పావు గంట పడితే మాత్రం అది పని కాదు.

ఈ గీత మన ఢిల్లీ వాళ్లు గీసింది కూడా కాదు. దేశాల జాతీయాదాయం లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతిలోనే ఉంది. ఇంటికోసం వస్తువు తయారుచేస్తే గీతకు లోపల, ఇంటివాళ్లకు సేవ చేస్తే బయట. 2013 అక్టోబరులో జెనీవాలో కార్మిక గణాంక నిపుణుల 19వ అంతర్జాతీయ సదస్సు జరిగింది. సొంత ఇంటివాళ్లకు చేసే సేవ కూడా పనేనని అందులో ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, జీతానికో లాభానికో చేసేదే "ఉపాధి" అని ఇంకో గీత గీశారు. పోనీ, మాటైనా మారింది. ఫారాలు అంత తొందరగా మారవు.

ఇక మీ ఇంటి సంగతి. ఈ జనగణన రెండు విడతలు. 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య పెట్టుకున్నది ఇళ్ల లెక్క: గోడలు దేంతో కట్టారు, మరుగుదొడ్డి ఉందా, మంచినీళ్లు ఎక్కడివి, అన్నం ఏ గింజది, ఇలాంటివి 33 ప్రశ్నలు. ఎవరేం పని చేస్తారని అందులో ఉండదు, అడగలేదని కంగారు పడొద్దు. మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. పని గురించిన మాట వచ్చేది అప్పుడే. 2011లో ఆ భాగం ఏ వరసలో నడిచిందో చెప్తాను, ఎక్కడ కాలు జారుతుందో మీకే తెలుస్తుంది.

మొదటి ప్రశ్న: గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా పని చేశారా? ఆరు నెలలు, ఆపైన చేస్తే మెయిన్ వర్కర్. మూడు నుంచి ఆరు నెలల లోపైతే మార్జినల్ వర్కర్. మూడు నెలలు కూడా నిండకపోతే అదీ మార్జినలే, కోడు వేరు. అసలు చేయకపోతే నాన్ వర్కర్. పార్ట్‌టైం అయినా పనే. మీ ట్యూషన్ జూన్ నుంచి ఏప్రిల్ దాకా నడుస్తుంటే ఆరు నెలలు ఎప్పుడో దాటింది. గేదె సంగతి సరేసరి, దానికి సెలవుల్లేవు.

తర్వాత ఏ రకం పని అని అడుగుతారు: సొంత సాగు, వ్యవసాయ కూలి, ఇంటి పరిశ్రమ, ఇతర పని. మీది నాలుగోది. ఏం పని అంటే "టీచరు" అని ఒక్క ముక్కలో తేల్చొద్దు. "ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్ చెప్పడం" అని పూర్తిగా చెప్పండి, లేకపోతే మానేసిన స్కూలు ఉద్యోగమే అనుకుని జీతగాళ్ల కోడు వేసేస్తారు. ఎవరి కింద చేస్తున్నారన్న ప్రశ్నకు నాలుగు జవాబులు: మనుషుల్ని పెట్టుకుని చేయించేవారు, జీతానికి చేసేవారు, ఒంటరిగా చేసుకునేవారు, కుటుంబ పనిలో జీతం లేకుండా చేసేవారు. మీరు మూడో రకం.

ఇక్కడే అసలు తిరకాసు. ఇంటిపని, చదువు, పింఛను, అద్దె రాబడి, ఇంకొకరి మీద ఆధారపడటం, భిక్షాటన, ఇతరాలు అంటూ ఏడు కోడులతో ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని మార్జినల్ వర్కర్లను, నాన్ వర్కర్లను మాత్రమే అడుగుతారు. మెయిన్ వర్కర్ అన్న క్షణంలో మీరు ఆ ప్రశ్న దాటి వెళ్లిపోతారు. అంటే రెండు గంటల ట్యూషన్ మిగిలిన రోజంతటినీ మింగేస్తుంది. "ఇంటిపని" అన్న మొహమాటపు గడి కూడా మీకు మిగలదు. ఎంతోకొంత సంపాదిస్తూ మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్లందరి గతీ ఇదే. మీ ఆయనదీ అంతే. ఆయన ఉద్యోగమో వ్యవసాయమో ఆ వరసలో పడుతుంది, రాత్రి రెండింటికి లేచి అమ్మను ఎడమపక్కకు తిప్పిన సంగతి ఎక్కడా పడదు.

రేపు అత్తమ్మ పరిస్థితి ఇంకా దిగజారి ట్యూషనూ మానేసి, గేదెనూ అమ్మేశారనుకోండి. అప్పుడు నాన్ వర్కర్, కోడు "ఇంటిపని". అందరూ ఆరోగ్యంగా తిరుగుతున్న ఇంట్లో వంట చేసుకునే ఆవిడకీ మీకూ ఒకటే అంకె. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: పని కోసం చూస్తున్నారా, దొరికితే చేయడానికి సిద్ధమా? "అత్తమ్మను ఎవరైనా చూసుకుంటే వెళ్తా" అన్నది మనసులో మాట. ఫారంలో "అయితే గియితే" లకు చోటు లేదు. రేపు పిలిస్తే వెళ్లలేని పరిస్థితి అయితే జవాబు "లేదు". దాంతో నిరుద్యోగుల లెక్కలోంచి కూడా జారిపోతారు. సేవలో ఉన్నవాళ్లు పనివాళ్లలోనూ కనపడక, పని కోరేవాళ్లలోనూ కనపడకపోవడానికి కారణం ఇదే.

కొంతమంది తెలివిగా అనుకుని "కేర్‌టేకర్" అని రాయించబోతారు. వద్దు. ఆ మాటకు మన దగ్గర జీతానికి ఇంకొకరింట్లో చేసే మనిషి అనే అర్థం. మీ పేరు ఎక్కడో పనివాళ్ల ఖాతాలో చేరుతుంది, అది తప్పుడు సమాచారం. ఫారమే నింపను అని భీష్మించుకోవడం ఇంకో దారి. కెనడాలో సాస్కటూన్ గృహిణి ఒకరు 1991లో అదే చేశారు. ఇంటిపనికి చోటులేని ఫారంలో "పనిలేదు" అని తన చేత్తో రాయనన్నారు. 1996, 2001, 2006 సెన్సస్‌లలో కెనడా ఇంటిపని, పిల్లల పెంపకం, పెద్దవాళ్ల సేవకు ఎన్ని గంటలని అడిగింది కూడా. ఆ తర్వాత ఎత్తేసింది. మన దగ్గర 1948 జనగణన చట్టం ప్రకారం జవాబివ్వనంటే వెయ్యి రూపాయల దాకా జరిమానా. జరిమానా మాట అటుంచి, మీరు చెప్పకపోతే పక్కింటివాళ్లో మామయ్యో చెప్పిందే రాసుకుపోతారు.

ఆ మాటకొస్తే, లెక్క తప్పడంలో పెద్ద వాటా ప్రశ్నది కాదు, జవాబు చెప్పే మనిషిది. ఇంటింటికీ వచ్చి లెక్క రాసుకునే ఎన్యూమరేటర్లలో ఎక్కువమంది స్కూలు టీచర్లే. ఆడవాళ్లు కూలి లేకుండా చేసే పనుల గురించి గుచ్చి గుచ్చి అడగాలని వాళ్లకిచ్చే పుస్తకంలో ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో నలభయ్యో ఇంటికి వచ్చిన మనిషి గుమ్మం దగ్గరే "అమ్మగారు హౌస్‌వైఫేనా?" అని అడిగేస్తాడు, అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఆ" అంటాడు, అయిపోతుంది. కాబట్టి ఇంట్లో ముందే అనుకోండి: మీ వరస మీరే చెప్పాలి. ఆన్‌లైన్‌లో సొంతంగా నింపుకునే వీలు వాడుకుంటే ఇంటిల్లిపాదిదీ ఒక్కరే నింపుతారు. మీ ఆయన ఫోన్లో నింపుతుంటే పక్కన కూర్చోండి, చివరి బటన్ నొక్కేముందు మీ వరసా, అత్తమ్మ వరసా గట్టిగా చదివించండి. చివర్లో వచ్చే ఐడీ నంబరు రాసిపెట్టుకోండి, ఎన్యూమరేటరు వచ్చినప్పుడు అదే అడుగుతారు.

ట్యూషన్ సంగతి చెబితే రేషన్ కార్డు పోతుందేమో, పన్ను పడుతుందేమో అని కొందరు దాస్తారు. జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులు ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. భయం లేకుండా చెప్పండి. దీనికి రెండో వైపు కూడా ఉంది: ఆ ఫారంలో ఏం రాయించినా రేపు పింఛనుకో పరిహారానికో కాగితంగా పనికిరాదు.

ఇప్పుడు అత్తమ్మ వరస. నన్నడిగితే మీ వరసకన్నా ఇదే ముఖ్యం. సేవ చేసేవాళ్లకు గడి లేదు గానీ, సేవ అవసరమైన మనిషికి ఉంది. 2011లో వైకల్యం ప్రశ్నకు ఎనిమిది కోడులు: చూపు, వినికిడి, మాట, కదలిక, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు, ఇతర, ఒకటికి మించినవి. దేశం మొత్తంలో 2.68 కోట్ల మంది తేలారు, జనాభాలో 2.21 శాతం. ఎక్కువమంది వదిలేసేది ముసలివాళ్లనే. "వికలాంగులు ఎవరైనా ఉన్నారా?" అంటే మనకు పోలియో కాలో, చూపులేని మనిషో గుర్తొస్తారు. మంచంలో ఉన్న అత్తమ్మ గుర్తురాదు. "అబ్బే, లేరు. ఈమెకు పెద్దతనం, అంతే" అంటాం. అలా అనొద్దు. "పక్షవాతం, రెండేళ్ల నుంచి, మనిషి సాయం లేకుండా లేవలేదు" అని చెప్పండి, కదలిక కిందికి వస్తుంది. మాట కూడా పడిపోయి ఉంటే అదీ చెప్పండి, అప్పుడు ఒకటికి మించిన వైకల్యం. సర్టిఫికెట్టు అక్కర్లేదు, మీ మాట మీదే రాసుకుంటారు. జాతీయ గణాంక కార్యాలయం 2018 జూలై నుంచి డిసెంబరు దాకా చేసిన 76వ విడత సర్వేలో, వికలాంగుల్లో 62.1 శాతం మందికి చూసుకునే మనిషి ఉన్నారని తేలింది. ఇలాంటి లెక్కల్లో మీ నీడ పడేది అత్తమ్మ వరస సరిగ్గా ఉంటేనే.

"ఇంటిపని" కోడు మీద సుప్రీంకోర్టు రెండుసార్లు గట్టిగానే మాట్లాడింది. 2001 జనగణన ఇంటి ఆడవాళ్లను బిచ్చగాళ్లు, ఖైదీల వరసలో పనిలేనివాళ్ల కింద పెట్టిందని 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో తప్పుబట్టింది. 2021 జనవరి 5న అలాంటిదే మరో కేసులో, మన కృష్ణా జిల్లా మనిషి జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో 2011 జనగణన అంకెలు ఎత్తిచూపారు: ప్రధాన వ్యాపకం ఇంటిపనే అన్న ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 57.9 లక్షలు. ఆ పదహారు కోట్లలో మీలాంటివాళ్లు ఎందరో విడదీయడానికి ఆ ఫారం నుంచి దారే లేదు.

మీ ఆడపడుచు చెప్పింది నిజమే. ఆస్ట్రేలియా 2006 నుంచి అడుగుతోంది, 15 ఏళ్లు దాటిన ప్రతి మనిషినీ: గత రెండు వారాల్లో వైకల్యం, దీర్ఘకాల జబ్బు, ముసలితనం వల్ల అవసరమైన వాళ్లకు డబ్బు తీసుకోకుండా సాయం చేశారా? పిల్లల పెంపకం, ఇంటిపని వేరే ప్రశ్నలు, దీంతో కలపరు. సేవ చేసేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే కేర్ అలవెన్సు తీసుకుంటున్నవాళ్లు కూడా "అవును" అనే చెప్పాలి, అది జీతం కాదు కాబట్టి. మనిషికి చేతనైనా వాళ్ల సామాన్లు మీరే తెచ్చిపెడితే లెక్క కాదు, చేతకాక తెచ్చిపెడితే లెక్క. గంటలు మాత్రం అడగరు. రోజుకు పదినిమిషాలు చేసినవారూ, రాత్రింబగళ్లు చేసినవారూ ఒకే "అవును". ఈసారి అక్కడి సెన్సస్ రాత్రి 2026 ఆగస్టు 11.

గంటలు అడిగేది ఇంగ్లండ్, వేల్స్. 2001లో మొదలుపెట్టారు: వారానికి 1–19, 20–49, 50, ఆపైన. 2021లో ఆ గళ్లను చిన్నవి చేశారు: 9 గంటల దాకా, 10–19, 20–34, 35–49, 50, ఆపైన. అక్కడ కేరర్స్ అలవెన్సు రావాలంటే వారానికి 35 గంటల సేవ ఉండాలి, పాత గళ్లలో ఆ 35 దగ్గర కోత లేదు. బాగానే ఉంది కదా? కానీ అంకె చూడండి. 2011లో సేవ చేసేవాళ్లు 58 లక్షలు, 2021లో 50 లక్షలకు పడిపోయారు. ముసలివాళ్లు పెరుగుతుంటే సేవ చేసేవాళ్లు ఎలా తగ్గుతారు? గళ్లు మార్చినప్పుడే ప్రశ్న మాటలూ మార్చారు. పాత ప్రశ్నలో "కుటుంబసభ్యులు, స్నేహితులు, ఇరుగుపొరుగు" అని విడిగా ఉండేది, కొత్తదాంట్లో "ఎవరికైనా" అని కుదించారు. పైగా లెక్క తీసిన రోజు 2021 మార్చి 21, కోవిడ్ ఆంక్షల మధ్య. ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటికి పోవడమే కష్టమైన కాలం. పక్కనే ఉన్న స్కాట్లాండ్ ఒక ఏడాది ఆగి 2022లో లెక్క తీస్తే, 2011 నాటి 4.92 లక్షల నుంచి 6.28 లక్షలకు పెరిగారు. ఐర్లండ్‌లో 2016లో 1.95 లక్షలు, 2022కి 2.99 లక్షలు. అక్కడ ప్రశ్నలో "ఇరుగుపొరుగు" అన్న మాట కొత్తగా చేర్చారు. ప్రశ్నలో ఒక్క మాట కదిలితే లక్షల్లో తేడా వస్తుంది.

మరి ఆ ప్రశ్న తెలుగులో ఎలా ఉండాలి? ఆలోచిస్తే ఇక్కడ చిక్కులు చాలా ఉన్నాయి. "మీరు సంరక్షకులా?" అని అచ్చేస్తే మొదటికే మోసం. మన స్కూలు దరఖాస్తుల్లో "తండ్రి లేక సంరక్షకుడు" అన్న గడి చూసి చూసి ఉన్నాం, బడికి పోయే పిల్లలున్న ప్రతి తండ్రీ అవునంటాడు. "చూసుకుంటున్నారా?" అంటే ఇల్లు చూసుకోవడం, పొలం చూసుకోవడం, మనవడిని చూసుకోవడం అన్నీ వచ్చిపడతాయి. "సేవ చేస్తున్నారా?" అంటే కోడళ్లు అవునంటారు, కొడుకులు కాదంటారు. అమ్మను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేది తానే అయినా, సేవ అనేది ఆడవాళ్ల మాట అనుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లాడి తల్లినడిగితే "నా బిడ్డకు నేను చేసుకోవడం కూడా సేవేనా?" అని ఎదురడుగుతుంది. కాబట్టి పేరు పెట్టకుండా పనులు చెప్పి అడగాలి. నేను రాస్తే ఇలా రాస్తాను:

"జబ్బు వల్లగానీ, వైకల్యం వల్లగానీ, ముసలితనం వల్లగానీ తన పని తాను చేసుకోలేని మనిషికి తినిపించడం, స్నానం చేయించడం, లేపి కూర్చోబెట్టడం, మందులు వేయడం, ఆస్పత్రికి తీసుకెళ్లడం లాంటి సాయం గత ఏడు రోజుల్లో జీతం తీసుకోకుండా చేశారా? ఆ మనిషి మీ ఇంట్లో ఉన్నా, వేరే ఇంట్లో ఉన్నా, మీ సొంత బిడ్డ అయినా చెప్పండి."

చివరి వాక్యం లేకపోతే రోజూ పొద్దున్నే పుట్టింటికి వెళ్లి నాన్నకు స్నానం చేయించి వచ్చే కూతుళ్లు మొత్తం జారిపోతారు. మన జనగణన ఇంటి గోడల లోపల ఆగే లెక్క, సేవ గోడలు దాటి నడుస్తుంది. ఈ ప్రశ్న పని ప్రశ్నలకు ముందు, అందరికీ ఉండాలి. మెయిన్ వర్కర్లు దాటిపోయే చోట పెడితే మీలాంటివాళ్లే మళ్లీ మిస్సవుతారు. అందుకే "ఇంటిపని" పక్కన ఇంకో కోడు చేర్చండి చాలు అని కొందరడిగే పరిష్కారం నాకు నచ్చదు. ఖర్చు చౌక, ఫలితమూ చౌకే.

గంటల సంగతి జనగణనలో వద్దనే నా అభిప్రాయం. 2011లోనే దేశంలో దాదాపు 25 కోట్ల కుటుంబాలు. ఇంటికి అరనిమిషం అదనంగా పట్టినా దాదాపు 21 లక్షల గంటల పని. ఒక్క "అవును, కాదు" కు అది ఖర్చుపెట్టొచ్చు. గంటలు శాంపిల్ సర్వేకు వదలాలి. మనకు సమయ వినియోగ సర్వే ఉంది. 1998–99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగం చేశారు, అందులో మనది లేదు. దేశమంతా మొదటిసారి 2019లో, రెండోసారి 2024లో. ఆ రెండోదాని ప్రకారం 15–59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం ఇంటివాళ్ల సంరక్షణలో ఉన్నారు, చేసేవాళ్లకు రోజుకు సగటున 140 నిమిషాలు. మగవాళ్లలో 21.4 శాతం, 74 నిమిషాలు. ఇందులో పసిపిల్లల పెంపకమూ కలిసి ఉంది, అది మరిచిపోయి మొత్తం రోగుల సేవకు అంటగట్టకూడదు.

ఆ సర్వేకూ ఒక కంత ఉంది. నిన్న పొద్దున 4 నుంచి ఇవాళ పొద్దున 4 దాకా అరగంట అరగంటగా ఏం చేశారో రాసుకుంటారు. ఆ అరగంటలో పది నిమిషాల కన్నా తక్కువ పట్టిన పని నమోదు కాదు. మీ రోజునే తీసుకుందాం, ఉదాహరణకు అనుకోండి. పొద్దున ఒళ్లు తుడిచి డైపర్, బట్టలు మార్చడం 45 నిమిషాలు. మూడుపూటలా తినిపించడం 40 చొప్పున 120. చేయీ కాలూ ఆడించే వ్యాయామం రెండుసార్లు కలిపి 40. మధ్యాహ్నం, సాయంత్రం డైపర్ 30. దుప్పట్లు, గుడ్డలు ఉతకడం 40. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చడం, పగలు ఏడుసార్లు, 8 నిమిషాల చొప్పున 56. మొత్తం 331 నిమిషాలు, అయిదున్నర గంటలు. సర్వేకు వచ్చిన మనిషి కాగితంలో ఆ 56 నిమిషాలు జారిపోతాయి. నడుం పట్టేసేది ఆ 56 వల్లే.

మీ అంకెతో వారానికి 38న్నర గంటలు. ఇంగ్లండ్ ఫారంలో అయితే 35–49 గడిలో టిక్కు పెట్టేవారు. చేతులతో చేసింది కాక, పిలిస్తే అందాలని పక్క గదిలో ఉండిపోయిన వేళ కూడా కలిపితే 50 దాటుతుంది. ఏది కలపాలో అక్కడి ఫారం కూడా చెప్పదు, ఎవరికి తోచినట్టు వాళ్లు కలుపుకుంటారు. అందుకే ఒక వారం పాటు నోటుబుక్కులో మూడు నిలువు గళ్లు గీసి రాయండి: చేత్తో చేసినవి, కాపలాగా ఉన్నవి, బయట తిరిగినవి (మందుల షాపు, ఆస్పత్రి, బ్యాంకు). అప్పటికప్పుడు రాయాలి, రాత్రి గుర్తుచేసుకుని రాస్తే పక్క మార్చినవన్నీ మరిచిపోతారు. మీ ఆయన రాత్రివేళ చేసినవి ఆయన పేరుతో రాయండి.

ఎవరినడగాలన్నారు. జనగణన ప్రశ్నలు ఖరారు చేసి గెజిట్‌లో వేసేది కేంద్రం. ఆ పని చూసేది హోంశాఖ కింద ఢిల్లీలో ఉండే రిజిస్ట్రార్ జనరల్, సెన్సస్ కమిషనర్ కార్యాలయం. రాష్ట్రంలో వాళ్ల డైరెక్టరేట్ హైదరాబాద్‌లో ఉంది. ఉత్తరం రాస్తే "మమ్మల్ని గుర్తించండి" అని ఊరుకోకండి, పైన రాసినలాంటి ప్రశ్న యథాతథంగా పెట్టి, అది అందరికీ వర్తించే చోట ఉండాలని అడగండి. మీ ఎంపీ చేత లోక్‌సభలో రాతపూర్వక ప్రశ్న వేయిస్తే శాఖ రాతలో జవాబివ్వక తప్పదు, ఉత్తరానికి ఆ గ్యారంటీ లేదు. గణాంక శాఖకు ఇంకో ఉత్తరం: వైకల్య సర్వేలోనూ, సమయ వినియోగ సర్వేలోనూ పెద్దవాళ్ల సేవను పిల్లల పెంపకంతో కలపకుండా రాష్ట్రాలవారీగా అచ్చు వేయమని. నాకు తొందరగా ఫలితం వచ్చేలా కనిపించేది ఈ రెండోదే.

పట్టుకోవడానికి చట్టంలో ఒక కొక్కెం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం "కేర్‌గివర్" అంటే డబ్బు తీసుకునిగానీ తీసుకోకుండాగానీ సేవ చేసే ఎవరైనా, తల్లిదండ్రులు, కుటుంబసభ్యులతో సహా, అని చెప్పింది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు కేర్‌గివర్ భత్యం ఇచ్చే మాట 24వ సెక్షన్‌లో ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయలిచ్చే పథకం పెట్టారు. డబ్బు చిన్నదే. కానీ ఇవ్వాలంటే పేర్లు రాసుకోవాలి కదా, ఏ జనగణనా తీయని లిస్టు అలా తయారవుతుంది.

అది వచ్చేలోపు మీ ఇంటికి అందేది ఒకటుంది. అత్తమ్మ వృద్ధాప్య పింఛను 2,016 తీసుకుంటూ ఉంటే, వైకల్యం 40 శాతం దాటినట్టు సర్టిఫికెట్టు వస్తే తెలంగాణ పింఛను పథకం చేయూతలో వికలాంగుల పింఛనుకు మార్చమని అడగొచ్చు. 2023 జూలై నుంచి అది 4,016. ఏపీలో ఉన్న పాఠకులకైతే, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 జూలై నుంచి నెలకు 15,000. సర్టిఫికెట్టుకు స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) కోసం దరఖాస్తు పెట్టాలి. 40 నుంచి 80 శాతం లోపు పసుపు కార్డు, 80, ఆపైన నీలం. ఆధార్, ఫొటోతో పాటు స్ట్రోక్ వచ్చినప్పటి డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. మెడికల్ బోర్డు రోజున అత్తమ్మతో మీరే వెళ్లండి. "మనిషి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది" అన్నదాన్ని వెంట వచ్చిన బంధువు "నడుస్తుందండీ" అని కుదిస్తే శాతం అక్కడే తగ్గిపోతుంది.